అభిమాని ధర్మం

పాఠ్యభాగ ఉద్దేశం

క్రీడాభిమానం మనిషిలోని గాఢమైన అనుబంధాలలో ఒకటి. అది విచక్షణతో కలిసినప్పుడే వ్యక్తికీ సమాజానికీ మేలు చేస్తుంది. ఒక క్లబ్బుకు కొత్త నాయకుడు వచ్చినప్పుడు అభిమానులు అతనిని ఎంతవరకు సమర్థించాలి, ఎప్పుడు ప్రశ్నించాలి అనే విషయాన్ని ఇంగ్లండులోని మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర ఆధారంగా వివరించడం, నాయకత్వాన్ని అంచనా వేసే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

2013 మే 12వ తేదీ. మాంచెస్టర్ నగరంలోని ఓల్డ్ ట్రాఫర్డ్ క్రీడాప్రాంగణం ప్రేక్షకులతో కిక్కిరిసి ఉంది. స్వాన్సీ జట్టుపై యునైటెడ్ 2-1 తేడాతో గెలిచింది. అయితే ఆ రోజు అందరి మనస్సులలో మెదులుతున్నది ఆ గెలుపు కాదు. ఇరవై ఆరేళ్లకు పైగా ఆ క్లబ్బును నడిపించిన సర్ అలెక్స్ ఫెర్గూసన్‌కు సొంత మైదానంలో అదే చివరి ఆట. ఆ సంవత్సరపు లీగ్ విజేతలుగా తన ఆటగాళ్లు కప్పు అందుకోబోయే ముందు ఆయన మైదానంలో నిలిచి మైకు తీసుకొన్నారు. అందరికీ కృతజ్ఞతలు చెప్పారు. తాను కష్టకాలంలో ఉన్నప్పుడు క్లబ్బు యాజమాన్యం, సిబ్బంది, ఆటగాళ్లు తన వెంట నిలిచారని గుర్తుచేశారు. ఇప్పుడు కొత్త మేనేజరు వెంట నిలవడం మీ బాధ్యత అని ప్రేక్షకులను కోరారు.

వినడానికి అది చిన్న కోరికే. ఆచరణలో అంత సులభమైనది కాదు. ఇంకా తమ క్లబ్బులో ఒక్క ఆట కూడా ఆడించని మనిషిని నమ్మడం ఎట్లా? నమ్మిన తరువాత జట్టు వరుసగా ఓడిపోతే ఎంతకాలం సహించాలి? సహనానికీ నిర్లక్ష్యానికీ మధ్య సరిహద్దు ఎక్కడ ఉంది? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకాలంటే ముందుగా మేనేజరు అంటే ఎవరో, అభిమానికి క్లబ్బులో ఉన్న స్థానమేమిటో తెలుసుకోవాలి.

మనకు మేనేజరు అనగానే బ్యాంకులోనో, కార్యాలయంలోనో కూర్చుని పనులు చక్కబెట్టే అధికారి స్ఫురిస్తాడు. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో ఆ మాటకు అర్థం వేరు. ఆటగాళ్లకు శిక్షణ ఇవ్వడం, ఏ ఆటలో ఎవరు ఆడాలో నిర్ణయించడం, వ్యూహం రచించడం మేనేజరు పని. ఫెర్గూసన్ వంటి మేనేజర్ల కాలంలో కొత్త ఆటగాళ్ల కొనుగోలులోనూ వారి మాటే ప్రధానంగా చెల్లేది. జట్టు గెలిస్తే కీర్తి ఆటగాళ్లతో పంచుకోవాలి. ఓడితే నింద మాత్రం చాలావరకు ఒంటరిగానే మోయాలి.

ఇక అభిమాని విషయం. మాంచెస్టర్ యునైటెడ్ ఆరంభంలో ధనవంతుల సంస్థ కాదు. 1878లో న్యూటన్ హీత్ అనే చోట రైల్వే కార్మికులు తమ వినోదం కోసం ఏర్పరచుకొన్న జట్టు అది. 1902లో దానికి నేటి పేరు వచ్చింది. అక్కడి కుటుంబాలలో క్లబ్బు మీది అభిమానం తాతల నుండి తండ్రులకు, తండ్రుల నుండి బిడ్డలకు ఆస్తివలె సంక్రమిస్తుంది. యజమానులు మారుతారు, ఆటగాళ్లు మారుతారు, మేనేజర్లు మారుతారు. అభిమాని మారడు. ఇంత శాశ్వతమైన బంధం ఉన్నప్పటికీ మేనేజరును ఎన్నుకొనే హక్కు అతనికి లేదు. స్పెయిన్‌లోని బార్సిలోనా వంటి క్లబ్బులలో సభ్యులు ఓటు వేసి అధ్యక్షుని ఎన్నుకొంటారు. మాంచెస్టర్‌లో ఆ పద్ధతి లేదు. అందువలన చప్పట్లు కొట్టడం, పాడడం, మౌనం వహించడం, ఎగతాళి చేయడం, టికెట్టు కొనకుండా ఇంట్లో కూర్చోవడం మాత్రమే అక్కడి అభిమాని చేతిలోని ఓట్లు. ఆ ఓటును ఎట్లా వినియోగించాలన్నదే సమస్య. ఈ సమస్య అదే క్లబ్బులో పాతికేళ్ల వ్యవధిలో రెండుసార్లు తలెత్తింది. రెండుసార్లూ దానికి గుర్తుగా ఒక్కొక్క బ్యానరు నిలిచింది.

మొదటి సంఘటన ఫెర్గూసన్‌కు సంబంధించినదే. ఆయన 1986 నవంబరులో స్కాట్లండు నుండి వచ్చి బాధ్యతలు స్వీకరించారు. అక్కడ అబర్డీన్ అనే క్లబ్బును నడిపి, 1983లో ఐరోపా కప్ విన్నర్స్ కప్ అంతిమ పోటీలో రియల్ మాడ్రిడ్ వంటి మహాజట్టును ఓడించిన ఘనత ఆయనది. ఆయన వచ్చేనాటికి యునైటెడ్ లీగ్ పట్టికలో చివరి నుండి రెండవ స్థానంలో ఉంది. 1967 తరువాత ఆ క్లబ్బు ఒక్కసారి కూడా లీగ్ గెలవలేదు. కొత్త మేనేజరు ఆధ్వర్యంలో ఆడిన మొదటి ఆటలోనే ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్ చేతిలో 2-0 తేడాతో ఓటమి ఎదురైంది. ఆ సంవత్సరం జట్టు పదకొండవ స్థానంలో నిలిచింది. మరుసటి సంవత్సరం రెండవ స్థానానికి ఎగబాకి ఆశలు రేపింది. ఆ పై సంవత్సరం మళ్లీ పదకొండవ స్థానానికి జారిపోయింది.

1989లో భారీ మొత్తాలు వెచ్చించి కొత్త ఆటగాళ్లను తెచ్చారు. అయినా ఆ సెప్టెంబరులో అదే నగరానికి చెందిన చిరకాల ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీ 5-1 తేడాతో చిత్తుగా ఓడించింది. ఆ డిసెంబరులో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌తో ఆట జరుగుతుండగా ఒక అభిమాని ఇంటి దగ్గర తయారుచేసుకొని తెచ్చిన బ్యానరును ఎత్తిపట్టాడు. మూడేళ్లుగా సాకులే వింటున్నామని, ఆట మాత్రం మెరుగుపడలేదని, ఇక వెళ్లిరమ్మని దాని సారాంశం. ఆ ఆటలోనూ జట్టు ఓడిపోయింది. ఆట జీవితంలో తాను అనుభవించిన అత్యంత చీకటి కాలం అదేనని ఫెర్గూసన్ తరువాత చెప్పుకొన్నారు.

ఆ బ్యానరు పట్టిన మనిషిని ద్రోహి అనగలమా? అనలేము. అతడు కష్టార్జితంతో టికెట్టు కొని వచ్చినవాడు. మూడేళ్లు ఓపిక పట్టినవాడు. అతడు చూసిన ఓటములు కల్పితాలు కావు. అతడు చెప్పిన సాక్ష్యం నిజం. చేసిన తీర్పు మాత్రం తొందరపాటు. ఎందుకంటే గ్యాలరీలో కూర్చున్నవారికి శనివారం నాటి ఆట మాత్రమే కనిపిస్తుంది. మిగిలిన దినాలలో జరిగే పని కనిపించదు. ఆ మూడేళ్లలో ఫెర్గూసన్ బాలురలో ప్రతిభను గుర్తించే వ్యవస్థను విస్తరించారు. మద్యపానానికి అలవాటుపడిన జట్టులో క్రమశిక్షణ నెలకొల్పడానికి ప్రయత్నించి, పేరున్న ఆటగాళ్లను సైతం వదులుకొన్నారు. పద్నాలుగేళ్ల ర్యాన్ గిగ్స్ అనే బాలుని కోసం స్వయంగా అతని ఇంటికి వెళ్లి క్లబ్బులోకి తెచ్చుకొన్నారు. విత్తనాలు నేలలో ఉన్నప్పుడు పొలం బీడుగానే కనిపిస్తుంది.

1990 జనవరి 7న ఎఫ్.ఏ. కప్పు పోటీలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌పై మార్క్ రాబిన్స్ అనే యువకుడు సాధించిన ఏకైక గోల్‌తో జట్టు గట్టెక్కింది. ఆ మే నెలలో అదే క్రిస్టల్ ప్యాలెస్‌పై అంతిమ పోటీ మొదట 3-3గా సమమై, తిరిగి ఆడినప్పుడు 1-0తో గెలిచి కప్పు అందుకొంది. లీగ్‌లో మాత్రం ఆ సంవత్సరం పదమూడవ స్థానమే. 1991లో బార్సిలోనాను ఓడించి ఐరోపా కప్ విన్నర్స్ కప్ గెలిచింది. 1993లో ఇరవై ఆరేళ్ల నిరీక్షణ ఫలించి లీగ్ విజేత అయింది. ఫెర్గూసన్ పదవీ విరమణ చేసేనాటికి 13 లీగ్ విజయాలతో కలిపి మొత్తం 38 విజయచిహ్నాలు ఆయన ఖాతాలో చేరాయి.

ఈ కథను ఇక్కడ ఆపితే నీతి సులభంగానే దొరుకుతుంది. 'నిదానమే ప్రధానం' అని చెప్పి పాఠం ముగించవచ్చు. కాని చరిత్ర అక్కడ ఆగలేదు.

ఫెర్గూసన్ తరువాత వచ్చినవారు డేవిడ్ మోయిస్. 2002 నుండి ఎవర్టన్ క్లబ్బును అంతగా ధనబలం లేకపోయినా సమర్థంగా నడిపినవారు. తన వారసునిగా ఆయన పేరును ఫెర్గూసనే సూచించారు. క్లబ్బు ఆయనతో ఆరేళ్ల ఒప్పందం కుదుర్చుకొంది. ఇంత దీర్ఘకాలపు ఒప్పందంలోనే ఓపిక పట్టాలన్న సంకల్పం కనిపిస్తుంది. అభిమానులు కూడా గ్యాలరీలో ఆయన బొమ్మతో బ్యానరు కట్టారు. ఆయనే ఎంపికైన మనిషి అని దాని భావం. పాతికేళ్ల క్రితం ఒక బ్యానరు మేనేజరును వెళ్లిపొమ్మంది. ఈ బ్యానరు మేనేజరు తొలి అడుగు వేయకముందే ఆయనకు పట్టం కట్టింది.

తరువాతి కథ అందరి ఆశలనూ వమ్ము చేసింది. విజేతగా చేతికందిన జట్టు సొంత మైదానంలోనే తడబడసాగింది. మోయిస్ వదిలి వచ్చిన ఎవర్టన్ 2013 డిసెంబరులో ఓల్డ్ ట్రాఫర్డ్‌కు వచ్చి 1-0తో గెలిచింది. 2014 మార్చిలో లివర్‌పూల్, మాంచెస్టర్ సిటీ అదే మైదానంలో చెరి 3-0 తేడాతో ఓడించాయి. కొందరు అభిమానులు చందాలు వేసుకొని ఒక చిన్న విమానాన్ని అద్దెకు తీసుకొన్నారు. మార్చి 29న ఆస్టన్ విల్లాతో ఆట జరిగిన రోజు ఆ విమానం మేనేజరు వెళ్లిపోవాలన్న బ్యానరును లాగుతూ మైదానం మీదుగా ఎగిరింది. గ్యాలరీలోని అభిమానులు ఆ విమానాన్ని చూసి నిరసనగా కేకలు వేశారు. మోయిస్‌కు చప్పట్లు కొట్టారు. ఆ కేకలు వేసినవారిలో మేనేజరు సామర్థ్యంపై సందేహం ఉన్నవారూ లేకపోలేరు. అయినా సందేహించడం వేరు, అవమానించడం వేరు అన్న విచక్షణను వారు చూపారు. ఆ ఆటలో జట్టు 4-1తో గెలిచింది.

ఆ గెలుపు మోయిస్‌ను నిలబెట్టలేకపోయింది. ఏప్రిల్ 20న ఎవర్టన్ చేతిలోనే మళ్లీ ఓటమి కలిగింది. రెండు రోజుల తరువాత క్లబ్బు ఆయనను తొలగించింది. ఆరేళ్ల ఒప్పందం పది నెలలలో ముగిసింది. ఎంపికైన మనిషి అన్న బ్యానరు కూడా గ్యాలరీ నుండి దిగిపోయింది. ఆ సంవత్సరం జట్టు ఏడవ స్థానంలో నిలిచి, ఐరోపా పోటీలలో పాల్గొనే అర్హతను కోల్పోయింది.

ఇప్పుడు 'ఆలస్యం అమృతం విషం' అన్న మరో సామెత మనకు గుర్తుకువస్తుంది. మన పెద్దలు రెండు సామెతలనూ మనకు వదిలిపెట్టారు. ఏది ఎక్కడ వర్తిస్తుందో తేల్చుకొనే భారాన్ని మాత్రం మన మీదనే ఉంచారు. ఫెర్గూసన్‌ను ఉంచడం ఒప్పని మనం నేడు ధైర్యంగా చెప్పగలం. 1989 డిసెంబరులో ఆ మాట చెప్పడానికి ఎవరి దగ్గరా రుజువు లేదు. మోయిస్‌కు మరో రెండేళ్లు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో నేటికీ ఎవరూ చెప్పలేరు. ఆయన అసమర్థుడు అనడానికీ వీలులేదు. 2023లో ఆయన ఆధ్వర్యంలోనే వెస్ట్ హామ్ జట్టు ఐరోపా కాన్ఫరెన్స్ లీగ్ గెలిచింది. 1980 తరువాత ఆ క్లబ్బుకు లభించిన మొదటి ప్రధాన విజయం అది. ఒకచోట ఇమడని మనిషి మరొకచోట రాణించవచ్చు. కనుక ఫలితం తెలిసిన తరువాత తీర్పు చెప్పడం గొప్ప కాదు. ఫలితం తెలియనప్పుడు న్యాయంగా ఆలోచించడమే అభిమానికి పరీక్ష.

అట్లా ఆలోచించడానికి మూడు ప్రశ్నలు తోడ్పడతాయి. మొదటిది, కొత్త మేనేజరు చేతికి ఏమి వచ్చింది? ఫెర్గూసన్ అందుకొన్నది పట్టిక అడుగున ఉన్న జట్టును. మోయిస్ అందుకొన్నది విజేత జట్టును; కాని దానితోపాటు మోయరానంత పెద్ద పోలికనూ అందుకొన్నారు. ఇద్దరినీ ఒకే తూకంతో తూచడం న్యాయం కాదు. రెండవది, ఓటముల మధ్య ఏదైనా నిర్మాణం జరుగుతున్నదా? కొత్త యువకులు తయారవుతున్నారా, ఒక నిర్దిష్టమైన ఆటతీరు రూపుదిద్దుకొంటున్నదా అని గమనించాలి. మూడవది, మేనేజరు తన పొరపాట్ల నుండి నేర్చుకొంటున్నాడా? ఒకే తప్పు మళ్లీ మళ్లీ జరుగుతుంటే ఓపిక పట్టడం సద్గుణం అనిపించుకోదు.

మన హైదరాబాదు చరిత్రలోనూ ఇందుకు తార్కాణం ఉంది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును దేశంలో మేటిగా తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. భారత జట్టుకూ ఆయనే శిక్షకుడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. మన ఆటగాళ్లలో పలువురు ఆనాడు బూట్లు లేకుండా ఆడారు. అంతటి పరాభవం తరువాత కూడా శిక్షణ బాధ్యత రహీం చేతిలోనే ఉంది. ఆ ఓటమి పాఠమైంది. బూట్లు ధరించడం తప్పనిసరి అయింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగవ స్థానం సాధించింది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం గెలిచింది. అప్పటికే క్యాన్సరుతో బాధపడుతున్న రహీం మరుసటి సంవత్సరమే కన్నుమూశారు. ఇక్కడ ఫలించినది వట్టి ఓపిక కాదు. ఓటమి నుండి నేర్చుకొన్న ఓపిక.

ఇంతకూ అభిమాని ధర్మం ఏమిటి? కొత్తగా వచ్చినవానికి మొదట విశ్వాసాన్ని అప్పుగా ఇవ్వాలి. ఆ అప్పును అతడు పనితో తీర్చుకొంటున్నాడో లేదో కళ్లు తెరచి చూడాలి. ఆట సాగుతున్నంతసేపు జట్టుకు బలమై నిలవాలి. ఆట ముగిసిన తరువాత నిర్భయంగా ప్రశ్నించాలి. ప్రశ్నించేటప్పుడు పనిని విమర్శించాలి గాని మనిషిని కించపరచరాదు. తొలినాడే పట్టం కట్టడం, తొలి ఓటమికే గెంటివేయడం రెండూ ఒకే తొందరపాటుకు రెండు ముఖాలు.

ఈ ధర్మం మైదానానికి మాత్రమే పరిమితం కాదు. రేపు మీ కళాశాలకు కొత్త ప్రిన్సిపాలు రావచ్చు, మీ ఊరికి కొత్త సర్పంచి రావచ్చు, మీరు పనిచేసే చోటికి కొత్త అధికారి రావచ్చు. ఏదో ఒకనాడు ఆ కొత్త మనిషి మీరే కావచ్చు. అప్పుడు ఎదుటివారి నుండి ఎంత గడువును, ఎటువంటి విమర్శను మీరు కోరుకొంటారో, అంత గడువును, అటువంటి విమర్శను ఈనాడు ఇతరులకు ఇవ్వడం అలవరచుకోవాలి.

కఠిన పదాలకు అర్థాలు

విచక్షణ : మంచిచెడులను వేరుచేసి తెలుసుకొనే శక్తి
స్ఫురించు : మనస్సుకు తోచు
సంక్రమించు : ఒకరి నుండి మరొకరికి చేరు
కష్టార్జితం : కష్టపడి సంపాదించినది
బీడు : సాగులో లేని నేల
గట్టెక్కు : ఆపద నుండి బయటపడు
వమ్ము చేయు : వ్యర్థం చేయు
తార్కాణం : నిదర్శనం, ఉదాహరణ
పరాభవం : అవమానకరమైన ఓటమి

ప్రశ్నలు

అ. ఈ కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఫెర్గూసన్, మోయిస్‌ల అనుభవాలను పోల్చి, వాటి నుండి అభిమానులు గ్రహించవలసిన విషయాలను వివరించండి.
2. కొత్త నాయకుని అంచనా వేయడానికి రచయిత సూచించిన మూడు ప్రశ్నలను తెలిపి, వాటిలో ఏది ముఖ్యమైనదో మీ అభిప్రాయాన్ని సకారణంగా రాయండి.

ఆ. ఈ కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. మాంచెస్టర్ అభిమాని చేతిలోని 'ఓట్లు' ఏవి?
2. 1989 డిసెంబరులో బ్యానరు పట్టిన అభిమానిని ద్రోహి అనలేకపోవడానికి కారణాలేమిటి?
3. 2014 మార్చి 29న గ్యాలరీలోని అభిమానులు ఎట్లా ప్రవర్తించారు?
4. సయ్యద్ అబ్దుల్ రహీం గురించి రాయండి.

ఇ. సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. "విత్తనాలు నేలలో ఉన్నప్పుడు పొలం బీడుగానే కనిపిస్తుంది."
2. "ఫలితం తెలియనప్పుడు న్యాయంగా ఆలోచించడమే అభిమానికి పరీక్ష."

ఈ. ఈ కింది పదాలను విడదీసి సంధుల పేర్లు రాయండి.
క్రీడాభిమానం, కష్టార్జితం, ఏకైక, అత్యంత

ఉ. 'నిదానమే ప్రధానం', 'ఆలస్యం అమృతం విషం' అనే సామెతలు వర్తించే ఒక్కొక్క సందర్భాన్ని మీ అనుభవం నుండి రాయండి.